కవ్వం పట్టాక తెలిసిన సంగతులు: ఇంట్లో వెన్న తీసిన నా అనుభవం

పెరుగు చిలికి వెన్న తీసే పని మా ఇంట్లో చాలా ఏళ్ల కిందటే ఆగిపోయింది. అత్తయ్యకు కుడి భుజం నొప్పి మొదలయ్యాక కవ్వం అటకెక్కింది, పాలన్నీ అమ్మకానికే పోసేవాళ్లం. పోయిన అక్టోబర్‌లో గేదె ఈనింది. డిసెంబర్ వచ్చేసరికి దూడ కడుపు నిండా తాగినా పాలు బాగానే మిగులుతున్నాయి. అత్తయ్య తాడు లాగలేరు కానీ పక్కన కూర్చుని చెప్పగలరు. ఆమె చెప్పగలిగినప్పుడే నేర్చుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. పుస్తకంలో చదివితే ఇది చిన్న పనే. నిజంగా చేస్తే ఎంతసేపు పడుతుందో, ఎక్కడ ఓపిక పట్టాలో, చేతికి ఏం తెలుస్తుందో రాద్దామని ఇది మొదలుపెట్టాను.

అటక మీంచి కవ్వం దించి దుమ్ము తుడవగానే అత్తయ్య, "ఆగమ్మా, దాన్ని అలాగే పెరుగులో పెట్టకు. చెక్క ఎండి కరకరలాడుతోంది, వెన్నంతా పీల్చేసుకుంటుంది" అన్నారు. కవ్వం మీద సలసల కాగే నీళ్లు పోసి కడిగి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాం. నీళ్లు పీల్చుకున్న చెక్కకు వెన్న అంటుకోదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వెన్న తీసి పక్కన పెట్టేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. పాత తాడు చీకిపోయింది కాబట్టి కొత్త నూలు తాడు తెచ్చాం. కొత్త తాడు నూగు రాలుస్తుంది. దాన్ని ఒకసారి ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, గుడ్డతో గట్టిగా తుడిచాకే కవ్వానికి చుట్టాలి. ఇక గిన్నె. చిలికేటప్పుడు నురగ విపరీతంగా పొంగుతుంది కాబట్టి పెరుగు, నీళ్లు కలిపి సగానికి మించకూడదు. మా లెక్క ఎనిమిది లీటర్లు, గిన్నె పదహారు లీటర్లది. అంత పెద్ద గిన్నె కదలకుండా కింద చుట్టకుదురు పెట్టాం.

గురువారం సాయంత్రం పాలతో మొదలుపెట్టాం. పితికిన పాలు వడగట్టి, కాచి, పొంగు వచ్చాక సన్నని సెగ మీద ఇంకో అరగంట ఉంచాను. ఆ తర్వాత పాలు గోరువెచ్చగా అయ్యేవరకు ఆగాలి. చలికాలమైనా ఆ గిన్నెడు పాలు చల్లారడానికి రెండు గంటలకు పైనే పట్టింది. మీగడ తీయకుండా, చిటికెన వేలు ముంచితే హాయిగా అనిపించే వేడిలో తోడు వేసి, గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి గట్టు పక్కన పెట్టాను. తెల్లారి లేచి చూస్తే ఇంకా పాలే. మధ్యాహ్నం దాటాక గాని గట్టిపడలేదు. అంతసేపు నాకు ఒకటే టెన్షన్. అత్తయ్య మాత్రం మూత కూడా తీయనివ్వలేదు. "చలికి దానికీ బద్ధకమే. కదిపితే నీళ్లు విడిచేస్తుంది, ఉండనీ" అన్నారు. ఎండాకాలంలో ఆరు గంటల్లో తోడుకునే పాలు చలికాలంలో దానికి రెట్టింపు కన్నా ఎక్కువ సమయం తీసుకుంటాయని అప్పుడు తెలిసింది.

శుక్రవారం సాయంత్రం పాలు, శనివారం పొద్దున పాలు కూడా ఇలాగే విడివిడిగా తోడు పెట్టాం. మొత్తం ఆరు లీటర్లు. మొదటి గిన్నె పెరుగు ఆదివారానికల్లా కాస్త పులుపెక్కింది, చివరిది అప్పుడే తోడుకుని కమ్మగా ఉంది. మూడూ కలిపితే పులుపు సరిగ్గా కుదిరింది. కొంచెం పులిస్తేనే వెన్న త్వరగా విడివడుతుంది, మజ్జిగలో తక్కువ మిగులుతుంది. మరీ పులిస్తే ఆ వాసన వెన్నకు పట్టి కడిగినా పోదు. ఖర్చు సంగతికొస్తే, ఈ రెండు రోజులూ పాలు అమ్మలేదు. అమ్మితే అదే రోజు చేతికొచ్చే డబ్బు అది. పాలు కాచడానికి అయిన కట్టెలు, కాపలా కాసిన గంటలు కూడా కలుపుకుంటే ఇంటి వెన్న చవక కాదు. మీకు పాలు మిగులుతుంటేనో, వెన్న మీద మనసుంటేనో చేయండి.

ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటలకు కూర్చున్నాం. ఎండ రాకముందే చిలకాలన్నది అత్తయ్య పట్టింపు. నేను థర్మామీటర్ పెట్టి చూస్తే పెరుగు 14 డిగ్రీలు ఉంది. కవ్వాన్ని గుంజకు రెండు కొక్కేలతో నిలబెట్టి, దాని కాడకు తాడు మూడు చుట్లు చుట్టి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకున్నాను. కుడి చేయి లాగితే ఎడమ చేయి వదలాలి, ఎడమ చేయి లాగితే కుడి వదలాలి. వదలడం కూడా పనేనని ఎవరూ చెప్పరు. రెండు చేతులూ బిగబడితే తాడు కాడను కోస్తుంది, కవ్వం ఆగిపోతుంది. "భుజంతో లాగితే నాలాగే అవుతావు. నడుము నుంచి ఊగు" అని అత్తయ్య తన పీట మీదనే కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగి చూపించారు. అలా ఊగడం మొదలుపెట్టాక చేతుల మీద బరువు సగం తగ్గింది. అరచేతులు మాత్రం మండాయి. మొదటిసారి చేసేవాళ్లు మెత్తటి గుడ్డ చుట్టుకోవడం మంచిది.

మొదట పెరుగు పెద్ద పెద్ద గడ్డలుగా కదిలి గుభగుభమని చప్పుడు చేస్తుంది. ఐదు నిమిషాల్లో అంతా సమంగా కలిసిపోయి చప్పుడు సన్నబడుతుంది. ఆ తర్వాత నురగ లేస్తుంది. గిన్నెలో సగానికి ఉన్న పెరుగు అంచు దగ్గరకు వచ్చేసింది, తాడు బరువెక్కింది. అక్కడి నుంచి ఏ మార్పూ లేదు. అరగంట దాటింది. అదే నురగ, అదే బరువు. పెరుగులో ఏదో లోపం ఉందేమో, రెండు రోజుల పాలు వృథా అయ్యాయేమో అని భయం పట్టుకుంది. బలంగా, వేగంగా లాగాను. అత్తయ్య తాడు మీద చేయి వేసి ఆపారు. "చేతి బలంతో పడదమ్మా వెన్న. గిన్నె పట్టుకుని చూడు, మంచులా ఉంది. గోరువెచ్చని నీళ్లు పట్రా."

పాలలో కొవ్వు కంటికి కనబడనంత చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది. ఒక్కో బొట్టు చుట్టూ పలచని పొర. చిలికేటప్పుడు ఆ పొరలు చిరిగి బొట్లు ఒకదానికొకటి అతుక్కోవాలి. చలికి కొవ్వు మరీ గట్టిపడితే అవి తగిలినా అంటుకోవు. మరీ వేడిగా ఉంటే కరిగి నూనెలా మజ్జిగలోనే ఉండిపోతాయి. కొంత గట్టిగా, కొంత మెత్తగా ఉన్నప్పుడే అంటుకుంటాయి. గేదె పాల కొవ్వు ఆవు పాల కొవ్వు కంటే గట్టిది కాబట్టి చలికాలంలో ఈ ఇబ్బంది గేదె పెరుగుకే ఎక్కువ. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా, చిలుకుతూ ఉండగానే అంచు వెంబడి పోశాం. 20 డిగ్రీల దగ్గరకు వచ్చాక ఆపాం. ఆ తర్వాత నేను గమనించినంతలో మా పెరుగుకు ఆ వేడే బాగా కుదురుతుంది.

నీళ్లు పోశాక పది నిమిషాలు కూడా పట్టలేదు. ముందు నురగ మెరుపు తగ్గి పొడిబారినట్టు కనిపించింది. తాడు ఒక్కసారిగా చాలా బరువెక్కింది. ఇక్కడే చాలామంది అలసిపోయి ఆపేస్తారట. అప్పుడే ఆపకూడదు. నాలుగు ఊపుల తర్వాత ఆ బరువు చటుక్కున పోయింది, నురగ కూలిపోయింది, చప్పుడు పలచని నీళ్ల చప్పుడైంది. కవ్వం పైకెత్తి చూస్తే రెక్కల మధ్య తెల్లటి రవ్వ. "పడింది" అన్నారు అత్తయ్య. ఆ ఒక్క మాటతో నా కళ్లు తడిశాయి. రెండు రోజుల ఎదురుచూపు, గంట సేపు భయం, ఆమె చేతిలోంచి నా చేతికి వచ్చిన పని, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆమె కూడా పీట మీంచి లేచి గిన్నెలోకి చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

రవ్వ కనిపించాక వేగంగా చిలికితే వెన్న ముద్దకట్టి మజ్జిగను లోపలే బిగించుకుంటుంది. ఆవగింజ, జొన్నగింజ సైజుకు రాగానే ఆపడమే మేలు. ఒక చెంబు చన్నీళ్లు చల్లి, చాలా నెమ్మదిగా ఓ పది ఊపులు ఊపాం. గింజలన్నీ పైకి తేలాయి. కవ్వం తీసే ముందు దాని రెక్కలను గిన్నెలోనే చన్నీళ్లతో కడిగితే అంటుకున్న వెన్న జారిపోతుంది. రాత్రంతా నానిన కవ్వం కాబట్టి దాదాపు ఏమీ అంటుకోలేదు.

వెన్న పడగానే పని అయిపోయిందనిపిస్తుంది. ఇంకా అంత పని ఉంది. వెన్నలో చిక్కుకున్న మజ్జిగ బొట్లే దాన్ని పాడు చేస్తాయి. ఎంత బాగా కడిగితే అంతకాలం నిలుస్తుంది. ముందు చేతులు చన్నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాలి. వెచ్చటి చేతికి వెన్న అంటుకుని జారుతుంది, చల్లటి చేతికి అంటుకోదు. వెన్నను వెడల్పు పళ్లెంలోకి తీసి, చన్నీళ్లు పోసి, మడిచి, నొక్కి, ఆ నీళ్లు వంపేశాం. మొదటి నీళ్లు పాలలా ఉన్నాయి, రెండోవి కాస్త పలచబడ్డాయి. నీళ్లు తేటగా కనబడేదాకా మానకూడదు. మంచు నీళ్లు మాత్రం వద్దు. వెన్న పెళుసెక్కి ముక్కలవుతుంది, లోపలి మజ్జిగ బయటికి రాదు. బావి నీళ్లంత చల్లదనం చాలు. చివర్లో ముద్దను పళ్లెం అంచుకేసి చెక్క గరిటెతో నొక్కుతుంటే బొట్టు బొట్టుగా నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. చిలకడానికి పట్టినంత సేపూ దీనికీ పట్టింది. వేళ్లు కొంకర్లు పోయాయి.

తూకం వేస్తే నాలుగు వందల ఇరవై గ్రాములు. ఆరు లీటర్ల పాలకు ఇంతేనా అని నేను కాస్త డీలా పడ్డాను. అత్తయ్యకు మాత్రం ఆ తూకం నచ్చింది. తర్వాత లెక్క వేసుకున్నాను. గేదె పాలలో కొవ్వు సాధారణంగా నూటికి 6 నుంచి 8 పాళ్లు ఉంటుంది. 7 అనుకుంటే ఆరు లీటర్లలో నాలుగు వందల గ్రాముల పైచిలుకు కొవ్వు. వెన్నలో ఐదో వంతు దాకా నీరు ఉంటుంది, కొంత కొవ్వు మజ్జిగలో మిగులుతుంది. ఎంత బాగా చిలికినా అది పూర్తిగా రాదు. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే ఆ నిరుత్సాహం ఉండేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రుచి గురించి ఎంత రాసినా తక్కువే. అప్పుడే తీసిన వెన్నలో పులుపు లేదు, ఉప్పు లేదు, నాలుక మీద ముందు చల్లదనం, ఆ వెనకే కమ్మటి వాసన. ఆ వాసన పెరుగు పులిసేటప్పుడు పుట్టేది. మీగడ నుంచి నేరుగా తీసిన వెన్నకు అది అంతగా ఉండదు. అందుకే రెండు రోజులు పట్టినా పెరుగు దారే నాకు నచ్చింది.

గిన్నెలో మిగిలిన మజ్జిగే ఏడున్నర లీటర్లు. దీని గురించి ముందే ఆలోచించుకోవాలి. ఇంట్లో అందరూ తాగినా సగం కూడా అవలేదు, చుట్టుపక్కల వాళ్లకు పంచాం. చన్నీళ్ల కుండ పక్కన పెడితే మర్నాటి వరకు బాగానే ఉంది, ఆ తర్వాత పుల్లగా అయింది. వెన్నలో కొంత బయటే ఉంచాం. నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ ఉంచితే ఆ చలిలో మూడో రోజు దాకా మంచి రుచే. ఉప్పు కలిపితే ఇంకా నిలుస్తుంది. వంద గ్రాములకు రెండు గ్రాములు చాలు, సన్నగా పొడి చేసి కలపాలి, లేకపోతే పంటికి తగులుతుంది. నెయ్యి కాచే వెన్నలో ఉప్పు వేయకూడదు.

తర్వాతి రెండు వారాల వెన్న దాచి, దానితో నెయ్యి కాచాం. మందపాటి అడుగున్న గిన్నె, సన్నని మంట. వెన్న కరిగాక తెల్లటి నురగ కడుతుంది, చిటపటలు మొదలవుతాయి. ఆ చిటపటలు నీరు పోతున్న చప్పుడు. చప్పుడు తగ్గుతున్న కొద్దీ కళ్లు గిన్నె మీంచి తీయకూడదు. బుడగలు సన్నబడి, నెయ్యి అద్దంలా అడుగు కనబడేంత తేటగా అయ్యి, అడుగున గసి తేనె రంగుకు వస్తుంది. ఆ రంగు దగ్గరే దించేయాలి. గిన్నె వేడికి గసి ఇంకాస్త వేగుతూనే ఉంటుంది. కాచడానికి నలభై నిమిషాలు పట్టింది. వంద గ్రాముల వెన్నకు ఎనభై గ్రాముల లోపే నెయ్యి వచ్చింది. వడగట్టి కదపకుండా ఓ మూల పెడితే మర్నాటికి పూసకట్టింది. నెమ్మదిగా చల్లారితేనే ఆ పూస వస్తుంది.

కడగడం గురించి కూడా చెప్పాలి. కవ్వానికి సబ్బు పెట్టకండి. చెక్క ఆ వాసన పీల్చుకుని మళ్లీ పెరుగులో వదులుతుంది. ముందు చన్నీళ్లు, తర్వాత వేడి నీళ్లు, తర్వాత ఎండ. తాడు కూడా ప్రతిసారీ ఉడకబెట్టి ఆరేయాల్సిందే. తడి మిగిలితే రెండో రోజే ముక్క వాసన వస్తుంది.

చలికాలం పోయాక ఈ పని మొత్తం తలకిందులైంది. మే నెలలో తెల్లవారుజామునే పెరుగు 28 డిగ్రీలుంది. గోరువెచ్చని నీళ్ల బదులు రాత్రి కుండలో చల్లబడ్డ నీళ్లు పోయాల్సి వచ్చింది, గిన్నె చుట్టూ తడి గోనె కట్టాల్సి వచ్చింది. వెన్న పావుగంటలోనే పడింది కానీ గింజ కట్టలేదు, జారుడుగా, మీగడలా ఉంది, మజ్జిగ పైన నూనె చుక్కలు తేలాయి. నాకు మళ్లీ గుండె దడ. అత్తయ్య ఇంకో రెండు చెంబుల చన్నీళ్లు పోయించి, చిలకడం ఆపించి అరగంట కదపొద్దన్నారు. తేరుకున్నాక మెల్లగా ఊపితే ముద్ద కట్టింది. తూకం మాత్రం చలికాలం కన్నా బాగా తగ్గింది. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టిన పెరుగుతో చిలకడం తేలికని ఆ తర్వాత గమనించాను.

ఆవు పాలు విడిగా తోడు పెట్టి చిలికితే ఇంకో తేడా కనిపించింది. గేదె వెన్న తెల్లగా ఉంటే ఆవు వెన్న లేత పసుపు. పచ్చిమేతలోని పసుపు రంగు పదార్థాన్ని గేదె ఒంట్లోనే ఎ విటమిన్‌గా మార్చేసుకుంటుంది, ఆవు కొంత పాలలోకి వదిలేస్తుంది. ఆవు వెన్న చేతిలో త్వరగా మెత్తబడుతుంది కాబట్టి దాన్ని కడిగే నీళ్లు ఇంకాస్త చల్లగా ఉండాలి. మేత ప్రభావం కూడా చిన్నది కాదు. పత్తిగింజలు ఎక్కువ పెట్టిన వారం వెన్న గట్టిగా వచ్చింది, పచ్చిగడ్డి దొరికిన వారం మెత్తగా వచ్చింది.

ఇప్పుడు గేదె మళ్లీ చూడితో ఉంది, పాలు తగ్గుతూ వస్తున్నాయి. వట్టిపోయే ముందు పాలలో కొవ్వు బొట్లు చిన్నవవుతాయి, వెన్న పడడం కష్టమవుతుందని అత్తయ్య ముందే చెప్పారు. అలాగే అయింది, పోయిన వారం గంటన్నర పట్టింది. పెరుగును ఇంకో పూట పులియనిస్తే కాస్త తేలికవుతుందన్నారు, ఈ ఆదివారం అలా చేసి చూస్తాను. ఈసారి ఒక కొస తాడు తానే పడతానని పట్టుబట్టారు, ఎడమ చేత్తోనే అని మాట తీసుకున్నాను.